సూదితో పోయేదానికి ఈ కుస్తీలెందుకు?

చిక్కడపల్లిలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పిన్నికి నాలుగు నెలలుగా కుడి తుంటి పక్కన నొప్పి. డాక్టరు బర్సైటిస్, అంటే కీలు దగ్గరి నీళ్ల సంచీ వాపు అన్నారు. మా అక్క ఫిజియోథెరపిస్టు, రోజూ వ్యాయామం చేయమంటుంది; పిన్నికేమో స్టెరాయిడ్ సూది కావాలి. ఇంట్లో పెళ్లి పన్నెండు రోజుల్లో. గొడవకి ఇంకేం కావాలి!

పిన్ని: ఒక్క సూదితో పోయేదానికి రోజూ ఈ కుస్తీలెందుకే? కింది పోర్షన్ ఆవిడకి వారంలో తగ్గింది.

అక్క: తగ్గుతుంది పిన్నీ, కాదనను. చాలామందికి మళ్లీ వస్తుంది. పైగా నీకు షుగరు. స్టెరాయిడ్‌తో కొన్నాళ్లు అదీ పెరుగుతుంది. పెళ్లి స్వీట్లు ఎలాగూ ఉన్నాయి.

పిన్ని: నీళ్ల సంచీ వాచిందన్నారుగా. వాపుకి మందే కదా!

అక్క: ఎముకకీ కండరానికీ మధ్య ఒరిపిడి లేకుండా ఉండే పల్చటి సంచీ అది. కానీ తుంటి పక్క నొప్పుల్లో ఎక్కువగా దెబ్బతినేది పిరుదు కండరాల టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ. 2018లో ఆస్ట్రేలియాలో 204 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి సూది, ఒకరికి వ్యాయామం, జాగ్రత్తలు, మిగతావాళ్లని ఓపిక పట్టమన్నారు. 8 వారాలకి వ్యాయామం చేసినవాళ్లే ముందున్నారు.

పిన్ని: ఎనిమిది వారాలా! నీ ఆస్ట్రేలియా వాళ్లొచ్చి పందిట్లో నిలబడతారా?

(ఇక్కడ నా ఓటు పిన్నికే.)

పిన్ని: ఫోన్లో చూసి కాలు అడ్డంగా లాగి స్ట్రెచింగ్ కూడా చేశా. రాత్రంతా నిద్ర లేదు.

అక్క: అదే చేయకూడనిది! అలా లాగితే టెండన్ ఎముకకి నొక్కుకుంటుంది. ఇప్పుడు కూడా చూడు, బరువంతా కుడికాలి మీదే వేసి ఒరిగి నిలబడ్డావు.

(పిన్ని గరిటతో సహా రెండు కాళ్ల మీదకి సర్దుకుంది.)

పిన్ని: అయితే మంచమెక్కమంటావా?

అక్క: అదీ వద్దు. ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకో. పొద్దున వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తు, పదిసార్లు. కాస్త నొప్పి ఫర్వాలేదు, రాత్రికి పెరిగితే తగ్గించు.

పిన్ని: మీ తాతయ్య పోచంపల్లిలో మగ్గం గుంట దగ్గర కూర్చుని కూర్చుని ఇదే నొప్పి పడ్డాడు. వ్యాయామమా పాడా! కింద మెత్త వేసుకున్నాడు.

అక్క: తాతయ్యది వేరే సంచీ, కూర్చునే ఎముక కిందది. పాతకాలం ఇంగ్లిషువాళ్లు దాన్ని 'నేతగాడి పిరుదు' అనే పిలిచేవాళ్లు. అక్కడ ఒత్తిడి తగ్గించడమే ముఖ్యం, మెత్త మంచి పనే చేసింది.

పిన్ని: సరే, దిండు పెట్టుకుంటా. నిద్ర పట్టకపోతే మాత్రం సూదే.

అక్క: అప్పుడు నేనే తీసుకెళ్తా. షుగరు చూపించుకున్నాకే. సూది తర్వాతా ఇవి మానకూడదు.

పిన్ని: ఎన్నిసార్లన్నావు?

అక్క: పది.

పిన్ని: ఆరు.

(లాడ్ బజార్లో గాజుల బేరంలా ఎనిమిదికి తెగింది.)