తీసేశారా, కలిపారా? 1 యోహాను 5:7 మీద ఒక వాదోపవాదం

కింగ్ జేమ్స్ బైబిలులో 1 యోహాను 5:7 దగ్గర, పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు అనీ, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అనే ఈ ముగ్గురూ ఒక్కటే అనీ ఉంటుంది. కొత్త ఇంగ్లిష్ బైబిళ్లలో ఆ మాటలు కనబడవు, మహా అయితే పేజీ అడుగున నోటులో ఉంటాయి. దీని మీద విశ్వాసుల మధ్య నడిచే వాదాన్ని ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు పాత పాఠాన్ని ప్రాణంగా చూసుకునే పాస్టరుగారు, ఇంకొకరు బైబిల్ కాలేజీలో గ్రీకు చెప్పే మాస్టారు. మనుషులు కల్పితం, వాదాలు నిజం. నా మొగ్గు మాస్టారి వైపే, అయినా పాస్టరుగారి బాధ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

పాస్టరుగారు: త్రిత్వం గురించి ఇంత సూటిగా చెప్పే వచనం ఇంకోటి లేదు. సరిగ్గా దాన్నే తీసేశారు. ఈ గ్రంథపు మాటల్లో ఏదైనా తీసేసినవాడికి శిక్ష తప్పదనే ప్రకటన 22:19 చదివాక కూడా చెయ్యెలా వచ్చింది మాస్టారూ?

మాస్టారు: దాని పైన 18వ వచనం కూడా ఉందండి అయ్యగారూ. కలిపినవాడికీ శిక్ష తప్పదని. ముందు తేల్చాల్సింది ఆ మాటలు తీశారా, కలిపారా అన్నదే. 1516లో బాసెల్‌లో డచ్ పండితుడు ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేయించినప్పుడు అవి లేవు. 1519 ముద్రణలోనూ లేవు. స్పెయిన్ పండితుడు స్టూనికా లాంటివాళ్లు ఎందుకు వదిలేశావని మీదపడ్డారు. తాను చూసిన గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేవన్నాడు ఎరాస్మస్. తర్వాత ఆ మాటలున్న గ్రీకు ప్రతి ఒకటి ఇంగ్లండులో బయటపడింది, 1522లో చేర్చాడు. ఆ ప్రతి ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. అప్పటికి అది కొత్తగా రాసిన ప్రతే.

పాస్టరుగారు: ఒక్క ప్రతి చూపిస్తే చేరుస్తానని మాటిచ్చి ఇరుక్కున్నాడని మీవాళ్లు కథ చెబుతుంటారు.

మాస్టారు: నేను చెప్పను. ఆ కథకు ఆధారం లేదని డి యాంగె అనే డచ్ పండితుడు 1980లో చూపించాడు.

పాస్టరుగారు: సంతోషం. గ్రీకు సంగతి అలా ఉంచండి. లాటిన్‌లో 4వ శతాబ్దంలోనే ప్రిస్కిలియన్ అనే స్పెయిన్ బిషప్పు ఈ మాటలు రాశాడు. పశ్చిమ సంఘం వందల ఏళ్లు చదువుకుంది. దేవుడు తన వాక్యాన్ని కాపాడాడు అంటే అర్థమేంటి? సంఘం చేతుల్లో, ప్రార్థనలో, ప్రసంగంలో నిలిపాడనే కదా? సినాయి మఠంలో ఉన్న పాత గ్రీకు బైబిలు ప్రతిని 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు టిషెండార్ఫ్ వెలుగులోకి తెచ్చేదాకా సంఘం తప్పు బైబిలే చదివిందంటారా?

మాస్టారు: ఇది గట్టి ప్రశ్న. కానీ సంఘం అంటే పశ్చిమం ఒక్కటేనా అండీ? యోహాను రాసిన భాషే మాట్లాడిన తూర్పు సంఘం కూడా సంఘమే. 325లో నైసియా సభ, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ. కుమారుడు తండ్రితో సమానం కాదన్న అరియస్ బోధ మీద అంత పోరాటం జరిగితే గ్రీకు సంఘ పితరులు ఈ వచనాన్ని ముందుకు తేలేదు. తెలిసుంటే మొదట ఎత్తేది ఇదే. ఇది లేకుండానే త్రిత్వాన్ని నిలబెట్టారు. ఇంతెందుకు, మన తెలుగు పాత బైబిలు తీయండి. ఏడో వచనంలో ఏముంది?

పాస్టరుగారు: "ఆత్మ సత్యము గనుక ఆత్మయే సాక్ష్యమిచ్చువాడు." ఎనిమిదిలో ఆత్మ, నీళ్లు, రక్తం.

మాస్టారు: ఇన్నేళ్లూ మీరు త్రిత్వం బోధించింది ఈ బైబిలుతోనే.

(ఇంగ్లిష్ ప్రసంగాలు విని పాత బైబిలును కాపాడాలని బయలుదేరే తెలుగువాళ్లు ముందు తెరవాల్సిన పేజీ ఇది. ఆ ప్రసంగాలు తప్పుపట్టే పాఠమే ఇక్కడ మన చేతిలో ఉంది.)

పాస్టరుగారు: సరే, దాన్ని వదిలేస్తాను. మార్కు 16 చివరి 12 వచనాలు మాత్రం వదలను. వాటి కోసం ఇంగ్లండు మతగురువు జాన్ బర్గన్ 1871లో ఒక పుస్తకమే రాశాడు. అన్నిటికంటే పాతవని చెప్పే వాటికన్, సినాయి ప్రతులు 8వ వచనంతో ఆగిపోతాయి, ఒప్పుకుంటాను. కానీ వాటికన్ ప్రతిలో ఆ తర్వాత ఒక నిలువు వరస (కాలమ్) మొత్తం ఖాళీగా ఉంది. ఇంకేదో ఉందని తెలియకపోతే లేఖకుడు ఖాళీ ఎందుకు వదులుతాడు? పైగా ఆ రెండూ 4వ శతాబ్దానివి. ఇరేనియస్ అనే బిషప్పు క్రీ.శ. 180 ప్రాంతంలోనే 19వ వచనాన్ని, మార్కు సువార్త చివర ఉందని చెప్పి మరీ చూపించాడు.

మాస్టారు: ఇక్కడ మీ దగ్గర సరుకుంది. గ్రీకు ప్రతుల్లో అత్యధికం మీ పక్షమే. కానీ సరైన ప్రతులు దాదాపు అన్నీ 8వ వచనంతోనే ముగుస్తాయని 4వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. 9వ వచనం చదవండి. మగ్దలేనే మరియను, ఏడు దయ్యాలు వదిలిన మనిషి అని అక్కడ కొత్తగా పరిచయం చేస్తున్నారు. ఆమె అదే అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది కదా? ఇంకో చెయ్యి అందుకుని రాసినట్టు నాకనిపిస్తుంది. అన్నట్టు, అచ్చులో ఉన్న గ్రీకు పాఠానికి సవరణలు కావాలని బర్గన్ కూడా ఒప్పుకున్నాడు.

పాస్టరుగారు: అయితే "సర్వలోకమునకు వెళ్లి" అన్న ఆజ్ఞ కూడా తీసేయమంటారా?

మాస్టారు: తీయమనను. ఉంచి, కింద నోటు పెట్టాలి. ఆజ్ఞకు మత్తయి 28 ఉంది. నా భయం 18వ వచనం, పాములను ఎత్తి పట్టుకోవడం గురించి. అమెరికాలో అపలాచియన్ కొండ ప్రాంతాల్లో దాని మీద ఒక ఆచారమే కట్టారు. దాన్ని ప్రచారం చేసిన జార్జ్ హెన్స్‌లీ 1955లో పాము కాటుతోనే పోయాడు.

పాస్టరుగారు: అపార్థం చేసుకున్నవాడి తప్పు వచనం మీద వేయకండి. అపొస్తలుల కార్యములు 28లో, మెలితే ద్వీపంలో పౌలు పామును వెతుక్కుంటూ పోలేదు, పుల్లలు మంటలో వేస్తుంటే అదే వచ్చి చేతిని పట్టుకుంది.

మాస్టారు: అది నిజం. ఆ వాదన వెనక్కి తీసుకుంటాను.

పాస్టరుగారు: మీ నోటు చదివి మా సంఘంలో ఓ కుర్రాడు వచ్చి, మిగతావాటికి గ్యారంటీ ఏంటి అయ్యగారూ అంటే ఏం చెప్పను?

మాస్టారు: కొత్త నిబంధనలో ఇంత పెద్ద భాగాల మీద సందేహం ఉన్నది రెండే చోట్ల అని చెప్పండి. ఇదొకటి, వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ ఉన్న యోహాను 7:53 నుంచి 8:11 ఒకటి. చెరో 12 వచనాలు. రెండూ చూపించండి. ఎవరో ఎగతాళిగా పెట్టిన వీడియోలో వినేకంటే ముందు మీ నోట వినాలి వాడు.

పాస్టరుగారు: ఆదివారం ఆరాధనలో కాదు, బైబిల్ స్టడీలో చెబుతాను. మీరూ రావాలి. మార్కు విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

మాస్టారు: ఉండండి. ఇరేనియస్ సంగతి మీరే చెప్పాలి, ప్రతుల సంగతి నేను చెబుతాను.