టీకా గదిలో ఒక కుర్చీ

టీకాల రోజున పసిపాపను బల్ల మీద పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుంటారు. తల్లిని కాస్త పక్కకు జరగమంటారు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ‘చీమ కుట్టినట్టుంటుంది, అంతే’ అంటారు. ఆ మాట ఎవరిని ఊరడించడానికో మాకు తెలియదు. ఆరు వారాల పసికందునైతే కాదు.

పసివాళ్లకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకం ఒకప్పుడు పెద్దాసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలోనూ ఉండేది. 1980లలో కూడా పశ్చిమ దేశాల్లో నెలలు నిండని బిడ్డలకు కదలకుండా మందు ఇచ్చి, నొప్పి మందు అరకొరగా ఇచ్చి, ఒక్కోసారి అదీ లేకుండానే ఛాతీ కోసేవారు. అంత చిన్న ప్రాణం మత్తును తట్టుకోలేదని డాక్టర్ల భయం. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆ భయాన్ని పరీక్షకు పెట్టారు. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చిన బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగలేదు, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1987లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ నవజాత శిశువులకూ ఆపరేషన్‌లో నొప్పి మందు ఇవ్వాలని చెప్పింది.

థియేటర్లు మారాయి. టీకా గదికి మాత్రం ఆ కబురు సరిగా అందినట్టు లేదు. ఇక్కడ కావలసింది ఖరీదైన మందేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది: బిడ్డ తల్లి ఒడిలోనే ఉండాలి, వీలైతే పాలు తాగుతూ ఉండగానే సూది వేయాలి, ఒకటికి మించి టీకాలుంటే ఎక్కువ నొప్పి పుట్టించేది చివర వేయాలి, గుచ్చాక రక్తం వస్తుందేమోనని సిరంజి పిస్టన్‌ను వెనక్కి లాగి చూడనక్కర్లేదు. నవజాత శిశువుల వార్డులో మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడూ అంతే, తల్లి గుండెకు హత్తుకుంటే నొప్పి తగ్గుతుంది.

ఇళ్లలో మనమూ తక్కువ తినలేదు. ‘అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా’ అని బెదిరించి, ఆసుపత్రికెళ్లాక ‘ఏం నొప్పి ఉండదమ్మా’ అంటే మూడేళ్ల పిల్ల ఏ మాట నమ్మాలి?

టీకాలు వేసే ఏఎన్ఎంలను నిందించి లాభం లేదు. బయట క్యూ, ఒక్కతే మనిషి, గదిలో ఒకే బల్ల. అందరి ముందూ పాలివ్వమంటే ఏ తల్లైనా మొహమాటపడుతుంది. చెయ్యాల్సింది జిల్లా వైద్యాధికారులు. ప్రతి టీకా గదిలో తల్లి కూర్చోవడానికి చేతులున్న కుర్చీ ఒకటి, ముందు ఒక తెర. వచ్చే బుధవారం టీకాల నాటికే ఆ రెండూ ఏర్పాటు చేయమని ఉత్తర్వు ఇవ్వొచ్చు.