ఎంగిలి మెతుకు రాలని విందు

పెళ్లింట్లో లడ్డూలు కండువాలో మూటగట్టుకెళ్లే బంధువును ఏడాది పొడుగునా ఆడిపోసుకుంటాం. సముద్రంలో అదే పని బ్యాక్టీరియా చేస్తే శాస్త్రవేత్తలు మురిసిపోయి పరిశోధన పత్రాలు రాస్తారు. ఈ పక్షపాతాన్ని తీవ్రంగా ఖండించవలసి ఉంది.

జర్మనీకి చెందిన హెల్గోలాండ్ దీవి ఉత్తర సముద్రంలో ఉంది. వసంతంలో దాని చుట్టూ డయాటమ్‌లు అనే ఏకకణ నాచులు విరగబడి పెరుగుతాయి, తర్వాత చస్తాయి. అవి దాచుకున్న లామినారిన్ అనే చక్కెర పదార్థం నీళ్ల పాలవుతుంది. ఇరవై ముప్పై గ్లూకోజుల గొలుసు అది: బీటా 1,3 ముడులు, అక్కడక్కడ 1,6 కొమ్మలు. ఇక బ్యాక్టీరియా భోజనాలు బంతుల వారీగా సాగుతాయి. 2009 వసంతంలో మొదటి బంతికి ఉల్విబాక్టర్, తర్వాత ఫార్మోసా, ఆ వెనక పోలారిబాక్టర్ కూర్చున్నట్టు 2012లో ప్రచురించారు. వడ్డించేవాడు లేడు, విస్తరి లేదు, అయినా తోపులాట లేదు. మన పెళ్లిళ్ల కమిటీలు గమనించాలి.

మర్యాద అంతటితో సరి. లామినారిన్ బరువు సుమారు 5,000 డాల్టన్లు (అణువుల తూకపు కొలత). బ్యాక్టీరియా బయటి పొరలోని మామూలు రంధ్రాల్లోంచి 600 డాల్టన్లు దాటినవి దూరవు. అంటే గుమ్మం దగ్గరే కోసి లోపలికి లాగాలి. కోసే ఎంజైమ్‌ను నీళ్లలోకి వదిలితే ముక్కలు పొరుగువాడి నోట్లో పడతాయి. అందుకే మన పిసినారి దాన్ని కొవ్వు తోకతో తన పొరకే కట్టేసుకుంటాడు. పక్కనే సస్‌డీ రకం ప్రొటీన్ కాచుకుని ఉంటుంది. దీనికి కోయడం రాదు, పట్టుకోవడమే వృత్తి. దాని గాడిలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాల పలకలు గ్లూకోజు ఉంగరాలకు ఆనుకుని నిలుస్తాయి. అలా చిక్కిన ముక్కను సస్‌సీ అనే 22 పోగుల గొట్టంలోకి దించుతుంది. ఆ గొట్టానికి సస్‌డీయే మూత. కాలితో నొక్కితే తెరుచుకునే చెత్తబుట్టలా పనిచేస్తుందని పరిశోధకులు పేరు పెట్టారు. ఇంతటి రాజద్వారానికి చెత్తబుట్ట పోలికేమిటో! గొట్టం లోపలి బిరడాను లాగేది టాన్‌బీ అనే ప్రొటీన్, దానికి శక్తినిచ్చేది లోపలి పొర మీది ప్రోటాన్ల ఒత్తిడి. రెండు పొరల నడిమి సందులో జీహెచ్3 వంటి ఎంజైములు తలుపేసుకుని గ్లూకోజు దాకా విరిచేస్తాయి. మెరిసే రంగు తగిలించిన లామినారిన్ ఇస్తే మెరుపు నీళ్లలో కాక కణం లోపలే కనిపిస్తుంది. దొంగ దొరికిపోయాడు.

అందరూ ఇలాంటివాళ్లేనని అనకూడదు. గోధుమ నాచులోని ఆల్జినేట్ అనే చక్కెర గొలుసు దగ్గర విబ్రియో బ్యాక్టీరియాలో ధర్మాత్ములున్నారు, దాన్ని కోసే లయేజులనే ఎంజైములను బయటకే విడుస్తారు. ఆ ముక్కలతో బతికే ఎంగిలిరాయుళ్లూ ఉన్నారు. గోధుమ నాచుల మరో చక్కెర గొలుసు ఫ్యూకోయిడాన్ దగ్గర మాత్రం ధర్మాత్ములూ పిసినారులూ ఒకేలా నీళ్లు నములుతారు. లెంటిమొనాస్ అనే బ్యాక్టీరియాకు ఒక్కో రకం ఫ్యూకోయిడాన్‌కు వంద దాకా ఎంజైములు కావలసి వచ్చాయి. గొలుసు పొడుగునా సల్ఫేట్లు. అవి ఊడితే తప్ప చాలా ఎంజైముల కత్తి దిగదు.

ఇక మన ప్రయోగశాలల వీరగాథ. ఈ ప్రొటీన్ల జన్యువును ఇ.కోలై అనే ప్రయోగశాల బ్యాక్టీరియాలో దూర్చి 37 డిగ్రీల్లో ఉడికించి, ‘ప్రొటీన్ రాలేదు’ అని తేల్చడం ఆనవాయితీ. ముందు ప్రొటీన్‌ను బయటికి పంపే చీటీ లాంటి సిగ్నల్ పెప్టైడ్‌ను, కొవ్వు తగిలే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని కత్తిరించాలి, లేకుంటే ప్రొటీన్ పొరకు అతుక్కుపోతుంది. జన్యువును పనిలోకి దించే ప్రేరణ తర్వాత 16-18 డిగ్రీలకు దించాలి, లేకుంటే ముద్దలు కడుతుంది. సల్ఫేట్లను ఊడదీసే సల్ఫటేజ్‌దింకో గొడవ: దాని సిస్టీన్ ఫార్మైల్‌గ్లైసీన్‌గా మారితేనే పని మొదలు. ఇ.కోలైలో ఆ మార్పు కొంతవరకే జరుగుతుంది కాబట్టి, మార్చే ఎంజైమ్ జన్యువును తోడుగా పంపాలి.

కోసిన చక్కెర ముక్కలను రంగుతో చూపే డీఎన్ఎస్ పరీక్ష చేసి 540 నానోమీటర్ల దగ్గర రంగు రాలేదని సస్‌డీని చచ్చిన ప్రొటీన్ అనేవాళ్లు ఇంకో తెగ. అది కోయదు మహాప్రభో! దాని పట్టు చూడాలంటే ప్రొటీన్ మడతలు విప్పే ఎస్‌డీఎస్ లేని జెల్‌లో 0.1 శాతం లామినారిన్ కలిపి, చక్కెర లేని జెల్‌ను పక్కనే నడపాలి. చక్కెర ఉన్నచోట ప్రొటీన్ వెనకబడితే పట్టు ఉన్నట్టే. చక్కెరను పట్టని ఆవు ఆల్బుమిన్ ప్రొటీన్ కూడా వెనకబడితే జెల్‌ను అనుమానించాలి.

ఎర్ర నాచు నుంచి తీసే అగార్ కథ మరీ చోద్యం. 1880ల్లో బ్యాక్టీరియాను పెంచే జెలటిన్ కరిగిపోతోందని దాని బదులు అగార్ వాడమన్నది ప్రయోగశాల సహాయకురాలు ఫానీ హెస్సే, అప్పటినుంచి అగార్ బ్యాక్టీరియాకు విస్తరయింది. 1902లో నార్వేలో గ్రాన్ అనే శాస్త్రవేత్త ఆ విస్తరినే తినేసే అతిథిని వర్ణించాడు. లూగాల్ అయోడిన్ పోస్తే అగార్ గోధుమరంగుకు తిరుగుతుంది, తిన్నచోట మాత్రం పాలిపోయిన వలయం మిగులుతుంది.

ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ దగ్గర ఎర్ర నాచు మీద దొరికిన జొబెల్లియా అనే బ్యాక్టీరియా ఆ అగార్ తినే తెగదే. సుషీకి చుట్టే నోరి నాచులోని పోర్ఫిరాన్ అనే చక్కెర గొలుసును కోసే ఎంజైమ్‌ను 2010లో దానిలోనే గుర్తించారు. అలాంటి జన్యువే జపనీయుల పేగుల్లోని బాక్టీరాయిడీస్ ప్లెబియస్ అనే బ్యాక్టీరియాలో బయటపడింది, పోల్చిచూసిన ఉత్తర అమెరికన్లలో కనిపించలేదు. ఒక్క మెతుకు రాల్చని ఆ పిసినారుల వంశంలో ఎవరో నాచుతో పాటు జపాన్ భోజనాల బల్ల మీద వంట కిటుకే పారేసుకున్నారు.