హెచ్-ఇండెక్స్ సరే, రక్తం ఎప్పుడిచ్చారు?

ఒక వ్యాసంలో ఓ కాలేయ మార్పిడి సర్జన్ పరిశోధనను హెచ్-ఇండెక్స్‌తో తూచారు. హెచ్ 50 అంటే 50 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 50 సైటేషన్లు (వేరే పేపర్లు దాన్ని ప్రస్తావించడం), అంతే. అసలు ప్రభావం మందుల సంచీలో ఉంటుంది. 1963లో డెన్వర్‌లో అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ తొలి కాలేయ మార్పిడి చేసిన మూడేళ్ల బాబు ఆపరేషన్‌లోనే రక్తస్రావంతో పోయాడు. 1989లో పిట్స్‌బర్గ్‌లో ఆయన బృందం వాడి చూపిన టాక్రోలిమస్, అంటే కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా ఆపే మందు, ఇప్పుడు మన చిత్తూరు రోగులూ మింగే మాత్ర. రక్తంలో అదెంత ఉందో చూసే లెవెల్ పరీక్షకి రక్తం పొద్దుటి డోసుకు ముందే, అంటే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. తొలి బస్సెక్కేముందు మాత్ర మింగేసి తిరుపతిలో రక్తమిస్తే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి డోసు తగ్గిస్తే శరీరం కాలేయాన్ని తిరస్కరించే (రిజెక్షన్) ముప్పు. మాత్ర జేబులో పెట్టుకుని రండి, సూది గుచ్చాకే మింగండి.