గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాస్తే చర్మం అతికించే పని లేదా?

కడపలో వాట్సాప్ గ్రూపుల నిండా ఒక సందేశం తిరుగుతోంది. అమెరికా ఆమోదించిన గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాస్తే ఎంత లోతుగా కాలినా మచ్చ లేకుండా మానుతుందట. చర్మం అతికించే ఆపరేషన్ డబ్బు గుంజడానికేనట. జెల్ దొరక్కపోతే గుడ్డు తెల్లసొన చాలట. ఇందులో నిజం గోరంత.

ఆ గోరంత ఇదీ. గ్రోత్ ఫ్యాక్టర్లు మన ఒంట్లోనే తయారయ్యే ప్రొటీన్లు. గాయమైన చోట కొత్త కణాలను, రక్తనాళాలను పెరగమని పురమాయించేవి ఇవే. ఈజీఎఫ్ అనే రకాన్ని కలిపిన మందు పూస్తే గాయాలు సగటున ఒకటిన్నర రోజు ముందు మానాయని 1989లో ఒక అమెరికా పరిశోధన చూపింది. అవి కూడా అతికించడానికి పలుచగా చర్మం తీసిన చోటి గాయాలు. అంటే ఆ ఆపరేషన్ జరిగినవాళ్ల మీదే పరీక్షించారు!

"ఎంత లోతుగా కాలినా" అన్న మాటే ప్రాణాంతకం. పైపైన కాలితే వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన కణాల నుంచి చర్మం మళ్లీ అల్లుకుంటుంది. బజ్జీల బాణలి ఒలికి చర్మం మందమంతా కాలితే ఆ కుదుళ్లే మిగలవు. ఇక జెల్ ఎవరిని పెరగమంటుంది? పైగా అలాంటి గాయం తెల్లగా, తోలులా బిగుసుకుని ఉంటుంది. నరాలు కాలిపోవడంతో ముట్టుకున్నా నొప్పి తెలియదు. బొబ్బలెక్కి మండే చెయ్యిని చూసి హడలిపోయే ఇంటివాళ్లు దీన్ని చూసి "నొప్పి లేదంటున్నాడుగా" అని ఊరుకుంటారు. జెల్ రాస్తూ వారాలు గడిపితే మాడిన కండలో చీము పడుతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి.

మచ్చ సంగతి. టీజీఎఫ్ బీటా కూడా గ్రోత్ ఫ్యాక్టరే. అది మోతాదు మించి పనిచేసినప్పుడు మచ్చ ఉబ్బెత్తుగా లేస్తుంది.

అమెరికా 1997లో ఆమోదించింది పీడీజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఉన్న జెల్‌ని, అదీ షుగర్ రోగుల పాదాల పుండ్లకు. కాలిన గాయాలకు కాదు.

తెల్లసొన క్రిములకు మేత. అట్టకట్టిన సొనను పచ్చి గాయం మీంచి తీసేటప్పుడు రోగి పడే నరకం వేరు.

కాలిన వెంటనే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టండి. ఉంగరాలు, గాజులు తీసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోను చేయండి. జెల్ కావాలో వద్దో గాయం లోతు చూశాక డాక్టరు చెబుతారు.