జార్జియా వైన్‌కు ఎనిమిది వేల ఏళ్ల పేరు చాలదు, కాగు శుభ్రంగా ఉండాలి

జార్జియా వైన్ ప్రస్తావన వస్తే ముందు వినిపించేది 8,000 ఏళ్ల చరిత్ర. దానికి ఆధారం గట్టిదే. రాజధాని త్బిలిసీకి దక్షిణాన గదాచ్రిలి గోరా, షులవేరిస్ గోరా దిబ్బల్లో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్షకు ఆనవాలైన టార్టారిక్ ఆమ్లం ఉందని 2017లో పరిశోధకులు ప్రకటించారు. అవి క్రీ.పూ. 6000-5800 నాటివి. అయితే మెడదాకా నేలలో పాతే, అడుగు కోసుగా ఉండే నేటి మట్టి కాగు, అంటే క్వెవ్రీ, ఆ తర్వాతి కాలపు రూపం. 2013లో యునెస్కో గుర్తించింది ఈ క్వెవ్రీ పద్ధతినే. ప్రాచీనత చూసి కొనేవారు ఒకసారే కొంటారు. మళ్లీ కొనాలంటే వైన్ బాగుండాలి, అది కాగు దగ్గర పడే శ్రమను బట్టి ఉంటుంది.

కాఖేతీ ప్రాంతంలో తెల్ల ద్రాక్ష రసాన్ని తొక్కలు, గింజలు, కాడలతో సహా కాగులో పోస్తారు. ఈ పిప్పిని అక్కడ చాచా అంటారు. కాడలు పండి గోధుమ రంగుకు తిరిగి ఉండాలి. పచ్చికాడ వేస్తే ఆకుపసరు చేదు దిగుతుంది. కాగులో అయిదో వంతు ఖాళీ వదలకపోతే పులిసేటప్పుడు పొంగిపోతుంది. పైకి తేలిన పిప్పిని రోజుకు మూడు నాలుగు సార్లు కర్రతో లోపలికి తొక్కాలి. ఒక పూట మానేస్తే పైపొర ఆరి వేడెక్కుతుంది, వెనిగర్ బ్యాక్టీరియా అక్కడే మొదలవుతుంది. పులియడం ఆగి పిప్పి అడుగుకు దిగాక, కాగును అంచుదాకా నింపి, మూతపెట్టి తడిమట్టితో మూస్తారు. తెరిచేది వసంతంలో. ఈ నెలల్లో గింజలు కోసుగా ఉన్న అడుగుకు చేరి, వాటిపై మడ్డి పేరుకుంటుంది; గింజల చేదు వైన్‌లోకి ఎక్కువగా దిగకపోవడానికి ఇదొక కారణం. పశ్చిమాన ఇమెరేతీలో పిప్పి కొంతే, కాడలు ఉండవు. అందుకే అక్కడి వైన్‌లో వగరు తక్కువ.

అసలు పరీక్ష కాగు ఖాళీ అయ్యాకే. లోపల పూసిన తేనెమైనం మట్టిలోని సన్న రంధ్రాలను చాలావరకు నింపుతుంది గానీ గాజులా నున్నగా చేయదు. పాత మడ్డి మిగిలితే వచ్చే ఏటి పంట దానితోనే చెడుతుంది. సున్నపు నీళ్లతోనో బూడిద నీళ్లతోనో చెర్రీచెట్టు బెరడు కుంచెతో రుద్ది, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. పెద్ద కాగులోకి మనిషి దిగేముందు గాలి ఆడించడం తప్పనిసరి: పులిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, అడుగున నిలిచి ప్రాణం తీస్తుంది.

ఇంత జాగ్రత్త అవసరమైన పనిలో ‘సహజ వైన్’, అంటే దాదాపు ఏమీ కలపకుండా చేసిన వైన్, అన్న ముద్ర ఇటీవల లోపాలను కప్పే సాకుగా మారుతోంది. వెనిగర్ ఘాటును ప్రాంతపు రుచిగా చెప్పి అమ్మడం వినియోగదారుకు అన్యాయం, పద్ధతికి ద్రోహం. ఎలుక వాసన అనే దోషం మరీ మోసకారి: గ్లాసు దగ్గర ముక్కుకు అందదు, మింగిన కాసేపటికి నోట్లో తేలుతుంది. ఒక్క గుక్కతో తీర్పు చెప్పేవారికి అది దొరకదు.

సోవియట్ హయాంలో కర్మాగారాలు పరిమాణమే చూశాయి. అయిదు వందలకు పైగా స్థానిక ద్రాక్ష రకాలుంటే ర్కాత్సితేలీ, సపెరావీ వంటి కొన్నిటికే తోటలు పరిమితమయ్యాయి. 1985లో సోవియట్ ప్రభుత్వం మొదలుపెట్టిన మద్య వ్యతిరేక ఉద్యమంలో ఎన్నో తోటలనే పెరికేశారు. క్వెవ్రీని బతికించింది ఊళ్లలోని ఇంటి మరానీలు, అంటే కాగులు పాతుకున్న వైన్ గదులు. 2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతులను నిషేధించాక నాణ్యత అడిగే కొత్త మార్కెట్లు వెతకక తప్పలేదు. 2013లో రష్యా దారి మళ్లీ తెరుచుకుంది. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడే అలవాటు తిరిగొస్తే ఆ నాణ్యతే ముందు పోతుంది.

ఇప్పుడు ప్రభుత్వ సాయం మొదట అందాల్సింది కుమ్మరులకు. వార్దిసుబానీ, మకతుబానీ, అత్సానా వంటి కొద్ది ఊళ్లలోనే క్వెవ్రీలు తయారవుతున్నాయి. మట్టిని చుట్టలుగా పేర్చి గోడను కొద్దికొద్దిగా లేపాలి. కింది వరస గట్టిపడకముందే పైది వేస్తే గోడ కుంగుతుంది. సరిగా ఆరకుండా బట్టీకి చేరితే పగులుతుంది. వారాల పని ఒక్కరోజులో పెంకులైపోయే ఆ నష్టాన్ని నేడు కుమ్మరి ఒక్కడే మోస్తున్నాడు.