కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

మాది గోదావరి జిల్లా. కాలవకి నీళ్లు వదిలిన ప్రతిసారీ మా తాతయ్య కాటన్ దొరకి దండం పెట్టుకునేవాడు. అందుకే మొన్న ఒక పెళ్లిలో ఒకాయన "దొరగారి పూర్వీకులు పత్తి వ్యాపారులు, ఆ ఇంటిపేరు అలా వచ్చిందే" అని పిల్లలకి చెబుతుంటే ఊరుకోలేకపోయాను. ఈ మాట ఇదివరకూ విన్నాను. శుద్ధ తప్పు.

పత్తి అనే అర్థమున్న 'కాటన్' అరబ్బీలోని 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరు కాటన్‌కి దానితో చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, 'కాటమ్' అంటే గుడిసెల దగ్గర. గుడిసెలున్న చోటికి ఆ పేరు పడింది, అక్కణ్ణుంచి వచ్చినవాళ్లకి అదే ఇంటిపేరైంది. మనలో ఎంతమందికి ఊరిపేరే ఇంటిపేరు కాలేదు!

పోనీ, అర్థం తెలిస్తే వంశం తెలిసిపోతుందా? తెలియదు. అలాంటి పేరున్న ఊళ్లు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత ఇంగ్లండు పత్రం మాగ్నా కార్టా ప్రతుల్ని సేకరించి దాచిన సర్ రాబర్ట్ కాటన్‌ది హంటింగ్డన్‌షైర్‌లోని కానింగ్టన్. మన దొరది చెషైర్‌లోని కాంబర్‌మియర్ కుటుంబం. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్, తాత సర్ లించ్ సాలస్‌బరీ కాటన్. కాంబర్‌మియర్ ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించాక సర్ జార్జ్ కాటన్ చేతికి వచ్చింది.

ఇదంతా తేలేది కాగితాల వల్లే, అదీ ఒక్కో తరం వెనక్కి వెళ్తూ. దొర పుట్టింది 1803లో. ఇంగ్లండులో ప్రభుత్వం జననాలు నమోదు చేయడం మొదలైంది 1837 జులైలో. అంతకుముందు వాళ్లకి చర్చి రిజిస్టర్లే దిక్కు, అవి 1538 నాటి ఉత్తర్వుతో మొదలయ్యాయి. వాటిలో ఎక్కువగా దొరికేది పుట్టినరోజు కాదు, బాప్తిస్మం తేదీ. పేరు కూడా ఫాదర్‌కి ఎలా వినబడితే అలా రాసేవారు. ఒకే కుటుంబం పేరు రెండు మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది. ఓపిక లేనివాళ్లు అక్కడే ఎవరో ఒకరిని తాతని చేసేస్తారు.

ఇంటిపేరు చెబితే వంశచిహ్నం ఫ్రేము కట్టి అమ్మేవాళ్లని చూస్తే ఇంకా బాధ. ఇంగ్లండులో చిహ్నం ఇచ్చేది మనిషికి, ఆయన వారసులకి. ఇంటిపేరుకి కాదు. 1484 నుంచి దాన్ని చూసుకోవడానికి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఉంది.

పెళ్లిలో ఒక పాప, "అయితే దొరగారిది గుడిసెల ఊరా?" అని అడిగింది. ఇంటిపేరు పుట్టింది అలాంటి చోటేనమ్మా అని చెప్పి, ఫోనులో మ్యాపు తీసి ముందు కాంబర్‌మియర్, తర్వాత ధవళేశ్వరం చూపించాను.